పేషెంట్ లిఫ్ట్ కొంటున్నారా? ముందు స్లింగ్ చూడండి

పక్షవాతం వచ్చాక అమ్మ తనంతట తాను లేవలేదు. మంచం మీంచి వీల్‌చైర్‌లోకి, మళ్లీ మంచం మీదికి మార్చడానికి కొన్నేళ్లుగా మా ఇంట్లో పేషెంట్ లిఫ్ట్, అంటే మనిషిని ఎత్తి మార్చే చక్రాల యంత్రం, వాడుతున్నాం. మొదట చేత్తో పంపు కొట్టే హైడ్రాలిక్‌ది, తర్వాత రిమోట్‌తో నడిచే ఎలక్ట్రిక్‌ది. రెండూ బాగానే పనిచేశాయి. హైడ్రాలిక్‌లో దించేటప్పుడు వాల్వ్ చాలా నెమ్మదిగా తిప్పాలి, లేదంటే మనిషి ఒక్కసారిగా కిందికి వచ్చేస్తారు. ఎలక్ట్రిక్‌లో ఆ టెన్షన్ లేదు కానీ బ్యాటరీ ఛార్జింగ్ మర్చిపోకూడదు. మధ్యలో ఆగిపోతే మనిషిని దించే ఎమర్జెన్సీ ఏర్పాటు ఎక్కడుందో ఖాళీ లిఫ్ట్‌తోనే ఒకసారి చేసి చూసుకోండి.

కొనేటప్పుడు అందరూ ఎన్ని కిలోలు ఎత్తుతుందనే అడుగుతారు. నన్నడిగితే ముందు స్లింగ్ గురించి అడగాలి. స్లింగ్ అంటే మనిషి కింద పరిచి లిఫ్ట్‌కి తగిలించే ఊయల లాంటి గుడ్డ, మనిషిని పట్టుకునేది అదే. వదులుగా ఉంటే జారిపోయే ప్రమాదం, బిగుతుగా ఉంటే తొడలు ఒరుసుకుపోతాయి. మాకు అమ్మినవాళ్లు ఒకే స్లింగ్ ఇచ్చి ఎవరికైనా సరిపోతుందన్నారు. అమ్మది సన్నని ఒళ్లు, అందులో నడుము కిందికి జారిపోయేది. కొలతలు తీసుకుని చిన్న సైజు, తల ఆనించుకునే రకం తెప్పించాకే ఆమె ముఖంలో భయం తగ్గింది. వేరే కంపెనీ స్లింగ్ వాడాలనుకుంటే మీ లిఫ్ట్‌కి సరిపోతుందో లేదో తయారీదారులనే అడగండి. లిఫ్ట్‌కీ స్లింగ్‌కీ బరువు పరిమితులు వేరువేరుగా ఉంటాయి, తక్కువదే లెక్క.

ఇక వాడకం. అమ్మని పక్కకి తిప్పి స్లింగ్‌ని వీపు కింద పరిచి, కాళ్ల పట్టీలు తొడల కిందుగా తెచ్చి ఒకదాన్లోంచి ఒకటి దాటిస్తాం. స్లింగ్ పట్టీల చివర లిఫ్ట్ హుక్‌లకి తగిలించే రంగురంగుల లూప్‌లుంటాయి, వాటి రంగు కుడి, ఎడమల ఒకటే ఉండాలి. భుజాల దగ్గర పొట్టి లూప్, కాళ్ల దగ్గర పొడుగు లూప్ వేస్తే కూర్చున్నట్టు లేస్తారు. లూప్‌లు తగిలించేటప్పుడు ఆ హుక్‌లుండే వేలాడే బార్ ఊగి ముఖానికి తగలొచ్చు, అందుకే ఒక చెయ్యి ఎప్పుడూ దాని మీదే ఉంచుతాను. "అమ్మా, లేపుతున్నా" అని చెప్పి, ఒళ్లు పరుపు నుంచి కాస్త పైకి లేవగానే ఆపేస్తాను. పట్టీలన్నీ బిగిశాయా, ఏ లూపైనా హుక్ అంచుకి వచ్చిందా అని అక్కడే చూస్తాను. తేడా ఉంటే కిందే పరుపు ఉంది కాబట్టి వెంటనే దించేయొచ్చు. ఎంత తొందరలో ఉన్నా ఈ ఆగడం మాత్రం మానను.

చాలామంది తికమకపడేది బ్రేకుల దగ్గర. మంచానికీ వీల్‌చైర్‌కీ బ్రేకు వేయాలి. ఎత్తేటప్పుడు లిఫ్ట్ చక్రాలకి మాత్రం వద్దనే చాలా మోడళ్ల మాన్యువల్స్ చెబుతాయి. బరువు పడగానే లిఫ్ట్ తనంతట తానే కొద్దిగా కదిలి మనిషి బరువు కిందికి సర్దుకుంటుంది. దాన్ని కదలనివ్వకపోతే ఒరిగే ప్రమాదం ఉంది. ఎత్తేటప్పుడు లిఫ్ట్ కింది కాళ్లు వెడల్పుగా తెరిచే ఉంచాలి. గడపలు, మందపాటి కార్పెట్ల మీదుగా మనిషిని వేలాడదీసి తోయకండి. ఇది మంచం నుంచి కుర్చీకి మార్చేందుకే. ఇంకోమాట, కింద ఖాళీ లేని మంచమైతే లిఫ్ట్ కాళ్లు లోపలికి పోవు, కొనేముందే కొలుచుకోండి.

ఒక్కరితో అయ్యే పనిలా కనిపిస్తుంది కానీ మేం ఇద్దరం ఉంటేనే ఎత్తుతాం, ఒకరు రిమోట్ దగ్గర, ఇంకొకరు అమ్మ దగ్గర. చేతులతోనే ఎత్తేద్దామనుకునేవాళ్లకి ఒక మాట: రోగుల్ని ఎత్తే పనిలో అన్నీ అనుకూలంగా ఉన్నా సుమారు 16 కిలోలు దాటి ఎత్తొద్దని అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ పరిశోధకులు సూచించారు. పెద్దవాళ్లెవరైనా అంతకు ఎన్నో రెట్లుంటారు. మా నడుములు ఈ రోజుకీ బాగున్నాయంటే ఈ లిఫ్ట్ వల్లే.

స్లింగ్ ఉతికేటప్పుడు బ్లీచ్ వేయకండి, గుడ్డలో బలం పోతుంది. వాడే ముందు ప్రతిసారీ కుట్లు, లూప్‌ల మొదళ్లు వేలితో తడిమి చూస్తాను. దారం లేచినా, గుడ్డ పలచబడినా అది ఇక పనికిరాదు. లేబుల్ చదవడానికి వీల్లేకుండా చెరిగిపోయినా తీసేస్తాం, సైజు, బరువు పరిమితి రాసి ఉండేది దాని మీదే.