అలుగు దగ్గరా, శిఖం అంచునా?

చెరువు నిండి అలుగు దుంకుతుంటే మన నల్గొండ పల్లెల్లో అందరూ వలలు పట్టుకుని అక్కడికే ఉరుకుతారు. నిజమే, ఎదురెక్కే చేపలు అక్కడ సులువుగా దొరుకుతాయి. కానీ రాళ్లకు పాకుడు పట్టి ఉంటుంది. మోకాలి లోతు ప్రవాహమైనా జోరుగా ఉంటే మనిషిని పడగొడుతుంది. కింద పడ్డవాణ్ని సుడి పైకి రానివ్వదు. దయచేసి పిల్లల్ని అటు పంపకండి.

నేనైతే వెనక శిఖం వైపే, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు పరుచుకునే నేల వైపే వెళ్తాను. అక్కడ నీటి వేగం తక్కువ, మునిగిన గడ్డిలో పురుగుల కోసం చేపలు అంచుకు వస్తాయి. బురద నీళ్లలో వాటికి చూపు ఆనదు కాబట్టి వాసన వచ్చే ఎర్రలే గాలానికి గుచ్చాలి. జెల్లలు, వాలుగలు పడతాయి. ఓపిక కావాలి. నీళ్లలోకి మాత్రం దిగొద్దు, మట్టి తవ్విన గుంతలు పైకి కనబడవు. గడ్డిలో పాములూ ఉంటాయి, చీకటి పడకముందే ఇంటికి రండి.