స్వీట్‌కార్న్ హైబ్రిడ్ విత్తనాల చిన్న ప్యాకెట్: పెరటికి పనికొస్తదా?

నల్లగొండ విత్తనాల దుకాణాల్లో అమ్మే ఈ ప్యాకెట్ విప్పితే గింజలు ముడతలు పడి, తేలిగ్గా కనిపిస్తయి. పుచ్చులనుకోవద్దు. పిండిపదార్థం తక్కువ కాబట్టి తీపి మక్క గింజ అట్లనే ఉంటది. మొలక బలం కూడా మామూలు మక్క కంటే తక్కువే. కొనేముందు ప్యాకెట్ మీద మొలక పరీక్ష తేదీ, గడువు చూడండి. మందు పట్టించిన గింజలు పిల్లలకు అందనీయొద్దు.

వెనక రాసిన సూచనలన్నీ ఎకరాల లెక్కలోనే. పెరటికి కావాల్సిన అసలు మాటే లేదు: ఒక్క వరుస పెడితే కంకి బోడిగా వస్తది. పుప్పొడి గాలికి ఎగిరి పీచు మీద పడాలి. ఒక్కో పీచు పోగు ఒక్కో గింజ. కనీసం నాలుగు వరుసలు, మధ్యలో 60 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 20-25. అంగుళం లోతు చాలు. చెల్కను ముందు తడిపి విత్తండి. నీళ్లు నిలిస్తే గింజ కుళ్లుతది. మే ఎండల్లో పూతకొచ్చేలా మాత్రం పెట్టొద్దు, పుప్పొడి మాడిపోతది.

మొక్క నడిమి ఆకుల సుడిలో రంపపు పొట్టులాంటి రెట్ట కనిపిస్తే కత్తెర పురుగే, వెంటనే ఏరేయాలి.

పీచు వచ్చిన 18-22 రోజులకు గింజను గోటితో గిల్లండి. నీళ్లొస్తే ఆగాలి, పాలొస్తే కోయాలి, పిండి తగిలితే తీపి దాటిపోయినట్టే. పక్క చేనులో మామూలు మక్క అప్పుడే పూతమీదుంటే కూడా తీపి దెబ్బతింటది.

విత్తనం మంచిదే, కొనొచ్చు. హైబ్రిడ్ కాబట్టి గింజ దాచిపెట్టి మళ్లీ వేస్తే అదే కంకి రాదు.