గ్వాకమోలీకి ఏ రోలు కొనాలి? నాలుగు రాళ్ళు, ఒక మిక్సీ

గ్వాకమోలీ అంటే మెక్సికో వాళ్ళ అవకాడో (వెన్నపండు) పచ్చడి. దాని రుచి సగం పండు రోట్లో పడకముందే తేలిపోతుంది. ఉప్పు, పచ్చిమిర్చి, ఉల్లి, కొత్తిమీర రాతి మీద ఎలా నలిగాయన్నదే అసలు లెక్క. పండు ఖరీదైనది కదా అని దాని మీదే దృష్టంతా పెట్టి, మిగతావి కత్తితో తరిగి కలిపేస్తే వచ్చేది వెన్నపండు సలాడే. అందుకే ఇక్కడ ముందు రాళ్ళ సంగతి, తర్వాత పండు సంగతి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన ఇళ్ళల్లో ఉండేవీ, అంగడిలోనూ ఆన్‌లైన్లోనూ దొరికేవీ మాత్రమే లెక్కలోకి తీసుకున్నాం.

మెక్సికోలో ఈ పనికి వాడేది మొల్కహెటె. మూడు పొట్టి కాళ్ళున్న నల్లరాతి గిన్నె, దానికో పిడికెడు పొత్రం. ఆ పొత్రం పేరు తెహొలొటె. నావాట్ల్ భాషలో అవాకట్ల్ అంటే వెన్నపండు, మొల్లి అంటే నూరి చేసిన పులుసో పచ్చడో. ఆ రెండూ కలిసిన అవాకమొల్లి స్పానిష్ నోట్లో పడి గ్వాకమోలె అయింది. తాలింపు లేని రోటి పచ్చడి అనుకుంటే మనకు దారి సులువవుతుంది.

మొల్కహెటె రాయి బసాల్టు. లావా చల్లారేటప్పుడు లోపల చిక్కుకున్న గాలి బుడగలు రాతిలో సన్న గుంటలుగా మిగిలిపోతాయి. మిరప తొక్కను పట్టి చీల్చేవి ఆ గుంటల అంచులే. పై పొర అరిగినకొద్దీ కింద కొత్త గుంటలు తెరుచుకుంటాయి కాబట్టి ఆ రాయి ఏళ్ళ తరబడి నున్నబడదు. మన నల్లరాతి రోలుకు ఈ గుణం లేదు. దాని గరుకంతా ఉలితో కొట్టిందే, అరిగాక మళ్ళీ కక్కు కొట్టించాల్సిందే. రెంటికీ ఉన్న అసలు తేడా ఇంతే. నూరడంలో మాత్రం, కక్కు బాగున్న రోలు మొల్కహెటెకు ఏమాత్రం తీసిపోదు.

ఆన్‌లైన్లో మొల్కహెటె పేరుతో వచ్చేవాటిని నమ్మి వేలు పోయకండి. చాలావాటిలో రాతిపొడిని సిమెంటుతో కలిపి అచ్చు పోస్తారు. పట్టుకోవడానికి మూడు పరీక్షలున్నాయి. గుంటలన్నీ ఒకే సైజులో, ఒకే దూరంలో ఉంటే అనుమానించాలి. అడుగున మేకుతో గీస్తే బూడిదరంగు పొడి రాలితే అది రాయి కాదు. నిమ్మరసం చుక్క వేసినప్పుడు సన్నగా బుడగలొస్తే అందులో సిమెంటో సున్నపురాయో ఉన్నట్టు. అసలైన బసాల్టు గానీ మన నల్లరాయి గానీ నిమ్మరసానికి చలించవు. ఆ పరీక్షలోనే తెల్లటి పాలరాతి రోలు కూడా ఓడిపోతుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది, పులుపు తగిలిన ప్రతిసారీ పైమెరుగు పోయి మచ్చ పడుతుంది. మాత్రలు పొడి చేసుకోవడానికి బాగుంటుంది.

రాచిప్ప ఇంకో ఆకర్షణ. మెత్తటి రాయి, పులుసు కాచడానికి దాన్ని మించింది లేదు. నూరడానికి మాత్రం పనికిరాదు. పొత్రం జారిపోతుంది, గట్టిగా తిప్పితే రాయే పొడిగా రాలి పచ్చట్లో కలుస్తుంది.

సంతలోనో రోడ్డు పక్కన రాళ్ళు కొట్టేవాళ్ళ దగ్గరో కొనేటప్పుడు ఇంకొక జాగ్రత్త అవసరం. తూర్పు కనుమల్లో ఎక్కడ చూసినా ఖోండలైటు కనిపిస్తుంది. ఖోండు జనం పేరే ఆ రాతికి పెట్టారు. కోణార్క గుడి శిల్పాల్లో ఎక్కువ భాగం ఆ రాతివే. ఉలికి అంత సులువుగా లొంగే రాయి పొత్రం రాపిడికి నిలవదు. ఎర్రటి గోధుమరంగు ఉండి, వేలితో రుద్దితే ఇసుకలా రాలితే వదిలేయండి. నల్లగానో ముదురు బూడిద రంగులోనో ఉండి, తడితే కంచులా మోగే రాయి కావాలి. బోలుగా దబ్‌మంటే లోపల పగులుందని అర్థం.

సన్నికల్లు చాలా ఇళ్ళల్లో ఉండనే ఉంటుంది, పక్కింటి ఒడియా వాళ్ళ ఇంట్లోనైతే శిల. మిర్చీ ఉప్పూ ముద్ద చేయడంలో దీన్ని ఏ రోలూ కొట్టలేదు. అరచేతి బరువంతా పొత్రం మీద పడుతుంది, నలిగింది కళ్ళ ముందే కనిపిస్తుంది. చిక్కల్లా పండు వేశాకే. అంచుల్లేని రాతి మీద గుజ్జు నాలుగు వైపులకీ పారుతుంది. కాబట్టి ముద్ద దీని మీద, కలపడం గిన్నెలో. ఇంట్లో సన్నికల్లు ఉంటే కొత్త రోలు కొనక్కర్లేదన్నది మా గట్టి అభిప్రాయం. ఒకటే షరతు, ఆ రాతి మీద ఆవాలు నూరే అలవాటు ఉండకూడదు. ఒడియా వాళ్ళ బెసరకీ మన ఆవపెట్టిన కూరకీ నూరిన ఘాటు రాతిని వదలదు, అవకాడో కొవ్వు ఆ వాసనను ఇట్టే లాక్కుంటుంది. ఆ రాతి మీద గుప్పెడు నానబెట్టిన బియ్యం, కళ్ళుప్పు వేసి రెండు సార్లు నూరి పారబోస్తే కొంత పోతుంది, పూర్తిగా పోదు.

మిక్సీ గురించి రెండు మాటలు చాలు. బ్లేడు గుజ్జులోకి గాలి కొడుతుంది. రంగు పాలిపోతుంది, నురగ కడుతుంది, గాలి తగిలిన గుజ్జు త్వరగా నల్లబడుతుంది. చిన్న జారులో ముద్ద తిరక్కపోతే నీళ్ళు పోయాలనిపిస్తుంది, పోశామా, ఇక అది చట్నీయే. ఉల్లిపాయ కూడా బ్లేడు కింద చేదెక్కుతుంది.

మార్కులన్నీ పచ్చడి నూరే మామూలు నల్లరాతి రోలుకే వేస్తాం, వందల్లో వచ్చేస్తుంది. కొలతలు మాత్రం చూసుకోవాలి. మామూలుగా అమ్మేవి లోపల అయిదంగుళాల వెడల్పు, నాలుగంగుళాల లోతు ఉంటాయి. పచ్చడికి అది సరే. వెన్నపండు వేస్తే మాత్రం అడుగుది మెత్తగా పేస్టయిపోతుంది, పైది ముక్కలుగా తేలుతుంది. లోపలి వెడల్పు ఏడెనిమిది అంగుళాలు, లోతు మూడున్నర మించనిది దొరికితే మూడు పండ్ల గ్వాకమోలీ అందులోనే పూర్తవుతుంది. పొత్రం కిలో లోపు బరువు, అడుగు గుండ్రంగా ఉండాలి. పొడుగాటి రోకలిలాంటిది దంచడానికే తప్ప తిప్పడానికి రాదు.

కొత్త రోలును వెంటనే వాడొద్దు. గట్టి బ్రష్షుతో నీళ్ళు పోసి తోమి ఎండబెట్టండి. గుప్పెడు పొడి బియ్యం వేసి మెత్తగా నూరితే బూడిదరంగు పిండి వస్తుంది, అదంతా రాతిపొడే. పారబోసి మళ్ళీ వేయాలి. పిండి తెల్లగా వచ్చేదాకా, సాధారణంగా అయిదారు సార్లు. చివర్లో కళ్ళుప్పు వేసి ఒకసారి నూరి కడిగేయండి. పది సార్లకీ పిండి బూడిదగానే వస్తుంటే కొన్నది సిమెంటు రోలు, తిరిగిచ్చేయండి.

పండు విషయానికొస్తే, మనకు రెండు రకాలు వస్తాయి. వలలోనో పెట్టెలోనో వచ్చే, తొక్క బొడిపెలుగా ఉండి పండితే నల్లని ఊదారంగుకు తిరిగేది హాస్. 1935లో కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ పేటెంటు తీసుకున్న రకం. నూనె శాతం దాదాపు 20 వరకూ ఉంటుంది. రెండోది కూర్గు, నీలగిరులు, వయనాడు వైపు నుంచి వచ్చే పెద్ద ఆకుపచ్చ కాయ. బరువు హాస్‌కు రెట్టింపు, ధర తక్కువ, నూనె బాగా తక్కువ, నీరెక్కువ. జ్యూసుకు అది చాలు. గ్వాకమోలీకి హాసే కొనండి. ఆకుపచ్చదే దొరికితే టమాటా మానేసి, నిమ్మరసం సగానికి తగ్గించి, ముక్కలు పెద్దవిగా ఉంచండి. ఎక్కువ మెదిపితే అరగంటలో నీరు ఊరుతుంది.

వెన్నపండు చెట్టు మీద పండదు, కోశాకే పండుతుంది. రాయిలా ఉన్నది కొని మూడు నాలుగు రోజులు ఆగడమే మంచిది. అంగడిలో మెత్తబడ్డదాన్ని ఎన్ని చేతులు నొక్కాయో ఎవరికి తెలుసు! బియ్యం డబ్బాలో దాచినా, అరటిపండుతో కలిపి పేపర్లో చుట్టినా, పండ్లు విడిచే మాగబెట్టే వాయువు బయటికి పోక త్వరగా పండుతుంది. మే నెల బరంపురం వేడిలో వంటగట్టు మీద వదిలేయొద్దు. తొడిమ దగ్గర కుళ్ళు మొదలవుతుంది, లోపల ఒక పక్క గట్టిగా ఒక పక్క జావగా తయారవుతుంది. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టడం అంతకంటే పెద్ద తప్పు. చలి దెబ్బకు గుజ్జు బూడిదగా మారుతుంది, ఆ తర్వాత సరిగ్గా పండదు. పండాక మాత్రం ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది. వేలితో గుచ్చకుండా అరచేతిలో పట్టుకుని మెల్లగా ఒత్తితే కాస్త లొంగాలి. మెత్తటి వెన్నలా కాదు, ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలయిన వెన్నలా.

ఇక కొలతలు. 200 గ్రాముల హాస్ మూడు తీసుకుంటే తొక్కా గింజా పోను 400 గ్రాముల గుజ్జు వస్తుంది. దానికి ఉల్లిపాయ 40 గ్రాములు, సన్న పచ్చిమిర్చి రెండు, కొత్తిమీర చిన్న గుప్పెడు, గింజ తీసిన టమాటా 60 గ్రాములు, కళ్ళుప్పు 5 గ్రాములు, నిమ్మరసం ఒకటి రెండు చిన్న చెంచాలు. మెక్సికోలో వేసేది సెర్రానో, కండగల మిర్చి, మన సన్న మిర్చికంటే కారం తక్కువ. అక్కడి కొలతను చూసి మిర్చి వేస్తే నోరు మండిపోతుంది. అక్కడివాళ్ళ ఉల్లిపాయ తెల్లది. మన ఎర్రగడ్డ ఘాటెక్కువ, గుజ్జుకు ఊదా రంగు అంటిస్తుంది. సన్నగా తరిగి చన్నీళ్ళలో కడిగి పిండేస్తే రెండూ తగ్గుతాయి. నిమ్మకాయ దగ్గర ఏ తేడా లేదు, మెక్సికో లిమోన్ మన కాగితపు నిమ్మే. అసలు ఈ గిన్నెలో మిర్చి, టమాటా అటు నుంచి మనకొచ్చాయి, ఉల్లి, కొత్తిమీర, నిమ్మ ఇటు నుంచి వాళ్ళకెళ్ళాయి. వెల్లుల్లి, జీలకర్ర, మయోనీసు పాత పద్ధతిలో లేవు. ప్యాకెట్లో అమ్మే గ్వాకమోలీ మసాలా పొడి కొనక్కర్లేదు.

ముందు రోట్లో ఉప్పు, మిర్చి, ఉల్లిలో మూడో వంతు, కొత్తిమీరలో సగం. కళ్ళుప్పు గరుకు తొక్కను చీలుస్తుంది, నీరు లాగుతుంది. దంచొద్దు, కారం కంట్లో పడుతుంది. పొత్రాన్ని గోడకు ఒత్తి తిప్పుతూ మూడు నాలుగు నిమిషాలు నూరాలి, మిర్చి తొక్క కంటికి కనపడకూడదు. మిర్చి కారం నూనెలో కరిగేది. ఇలా నలిగితేనే అది అవకాడో కొవ్వులో అంతటా పరుచుకుంటుంది. తరిగి వేస్తే ఒక ముద్ద చప్పగా, ఒక ముద్ద మంటగా ఉంటుంది.

పండును గింజ చుట్టూ కోసి, చెంచాతో గీకి తీయండి. తొక్కకు ఆనుకున్న ముదురాకుపచ్చ పొరను వదలొద్దు. మూడింట రెండు వంతులు రోట్లో వేసి మెదపండి, మిగతాది ముక్కలుగానే కలపండి. రోలు ఇరుకైతే ముద్దను వెడల్పు గిన్నెలోకి తీసి పప్పుగుత్తితో పని కానివ్వండి. రోటికి అంటుకున్న ముద్ద పోకుండా ఒక చెక్క పండును రోట్లోనే వేసి నాలుగు తిప్పులు తిప్పి తీస్తే రాయి శుభ్రంగా వచ్చేస్తుంది. తర్వాత మిగిలిన ఉల్లి, టమాటా, కొత్తిమీర. నిమ్మరసం చివర్లో, కొద్దికొద్దిగా. మెక్సికోలోనే అది అసలు వేయనివాళ్ళున్నారు. పుల్లగా ఉందంటే ఎక్కువైందన్నమాటే. అయిదు నిమిషాలాగి ఉప్పు చూడండి. చప్పగా అనిపిస్తే చాలామంది నిమ్మ పిండుతారు, తొంభై పాళ్ళు కొరత ఉప్పుదే.

చేదొస్తే పండు పచ్చిదని అర్థం, దానికి మందు లేదు. వేడి చేసినా చేదెక్కుతుంది, కాబట్టి తాలింపు ఆలోచన వద్దు. నల్లబడటం గాలి వల్ల. కోసిన గుజ్జులో ఉండే ఒక ఎంజైము గాలితో కలిసి చేసే పని అది. మధ్యలో గింజ పెడితే ఆగుతుందంటారు, ఆగేది గింజ కప్పినంత మేరకే. పైన ప్లాస్టిక్ పొరను గాలి మిగలకుండా గుజ్జుకే అతికేలా ఒత్తి పెట్టాలి. లేదా పైన సమంగా నొక్కి అరంగుళం చన్నీళ్ళు పోసి ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు వంపేయాలి. ఏం చేసినా ఒక రోజే.

నంజుకోవడానికి మెక్సికోలో మొక్కజొన్న రొట్టె ముక్కలు వేయిస్తారు. ఆ మొక్కజొన్నను ముందు సున్నపు నీళ్ళలో ఉడికిస్తారు, మామూలు మొక్కజొన్న పిండికి ఆ సాగుడు రాదు. బరంపురం మినప అప్పడం కాల్చి పెట్టుకుంటే సరిపోతుంది. అప్పడంలో ఉప్పుంటుంది కాబట్టి గ్వాకమోలీలో ఒక గ్రాము తగ్గించండి. మసాలా చల్లిన చిప్సు అయితే కొత్తిమీర వాసన చచ్చిపోతుంది.

తిన్నాక రోలును నానబెట్టి వదిలేయొద్దు. వెంటనే వేడినీళ్ళు పోసి కొబ్బరిపీచుతో తోమి, బోర్లించకుండా పక్కకు వాల్చి ఆరబెట్టండి. సబ్బు వద్దు, కక్కుల్లో చేరి మర్నాటి పచ్చట్లో తేలుతుంది. కక్కుల్లో అవకాడో నూనె మిగిలితే రెండు రోజుల్లో ముక్కవాసన పట్టుకుంటుంది. అప్పుడు గుప్పెడు బియ్యం నూరి పారబోయడమే.