బెంగళూరులో కోలాజ్ వర్క్‌షాప్‌కి డబ్బులు కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

బెంగళూరులో ఉన్న మనవాళ్ళ కోసం రాస్తున్నా. ఇన్‌స్టాలో ఈమధ్య తెగ తిరుగుతున్నాయి కదా, ఫ్రెండ్స్ అందరూ ఒక టేబుల్ చుట్టూ కూర్చుని కాఫీ తాగుతూ పాత మ్యాగజైన్లు కత్తిరించి అతికించే రీల్స్, అలాంటి ఒకదానికి మా ఇంటివాళ్ళం, ఇంకో రెండు తెలుగు ఫ్యామిలీలు కలిసి ఇందిరానగర్ వెళ్ళాం. ఆ స్టూడియో పేరు రాయట్లేదు, ఇలాంటివి ఇప్పుడు వీధికొకటి ఉన్నాయి, వాళ్ళ పద్ధతి తెలిస్తే చాలు.

ముందు డబ్బుల సంగతి. రీల్‌లో మనిషికి 1,200 అని ఉంటుంది, పేమెంట్ పేజీకి వచ్చేసరికి మెటీరియల్ ఛార్జ్, కన్వీనియన్స్ ఫీజు, జీఎస్టీ అన్నీ కలిసి 1,600 దాటింది. పైన ఎర్రక్షరాల్లో "రెండు సీట్లే మిగిలాయి" అని టైమర్ ఒకటి. తీరా వెళ్తే సగం కుర్చీలు ఖాళీ! ఇలా చివర్లో ఛార్జీలు తగిలించడం, లేని తొందర పుట్టించడం రెండూ 2023లో సెంట్రల్ గవర్నమెంట్ తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (అంటే ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళని మాయచేసే పద్ధతులు) గైడ్‌లైన్స్ ప్రకారం చేయకూడనివే, అందుకే పేమెంట్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

సామాను గురించి చెప్పాలంటే నవ్వొస్తుంది. "వింటేజ్ మ్యాగజైన్లు" అన్నారు, టేబుల్ మీద ఉన్నవన్నీ రియల్ ఎస్టేట్ బ్రోచర్లు, విల్లాలు స్విమ్మింగ్ పూల్స్ తప్ప ఒక మనిషి మొహం లేదు, ఒక పువ్వు లేదు. మా బావ అయితే సర్జాపూర్ రోడ్‌లో మూడు విల్లాలు కొనేశానని అందరికీ చూపిస్తున్నాడు. కత్తెరలు ఎల్‌కేజీ పిల్లలవి. జిగురులో నీళ్ళు ఎంత కలిపారంటే మజ్జిగలా కారుతోంది, పైగా మామూలు జిరాక్స్ పేపర్ మీద అతికించమన్నారు, 80 జీఎస్ఎం (కాగితం మందాన్ని చెప్పే లెక్క) అంటే పల్చటి పేపర్, దానికి తడి తగిలితే ముడతలు పడకుండా ఎలా ఉంటుంది చెప్పండి.

ఇవన్నీ పోనీ అనుకోవచ్చు, నాకు కోపం వచ్చింది మాత్రం గ్రూప్ బోర్డు దగ్గర. అందరూ కలిసి ఒక పెద్ద బోర్డు చేసి ఇంటికి పట్టుకెళ్ళొచ్చు, మీ జ్ఞాపకాలు తెచ్చుకోండి అని మెసేజ్ పెట్టారు. మా వదిన వాళ్ళమ్మగారు ఆవకాయ కొలతలు రాసిచ్చిన చీటీ తెచ్చింది, ఆవిడ ఇప్పుడు లేరు. ఇది పాడవ్వదు కదా అని వదిన రెండుసార్లు అడిగితే అక్కడి అమ్మాయి "ఏం కాదు మేడమ్" అని తనే బ్రష్‌తో పైనుంచి కూడా జిగురు పూసేసింది. అది ఇంకు పెన్నుతో రాసిన రాత. తడి తగలగానే కొలతలన్నీ అలుక్కుపోయాయి, ఆవపిండి ఎంతో ఉప్పు ఎంతో ఇప్పుడు చదవలేం. సారీ కూడా సరిగ్గా చెప్పలేదు, ఆర్ట్‌లో ఇలాంటివే అందం అంది! సరే బోర్డు ఇచ్చేయండి వెళ్ళిపోతాం అంటే, గ్రూప్ బోర్డు స్టూడియోదే, కావాలంటే ఫ్రేమింగ్ ఛార్జ్ 2,500 కట్టాలి అన్నారు. ఆ మాట బుకింగ్ పేజీలో ఎక్కడా లేదు. ఆ చీటీ దాని మీదే ఉంది కాబట్టి బావ కిక్కురుమనకుండా కట్టేశాడు. వారం తిరక్కుండా మా బోర్డు ఫోటో, వెనక మా పిల్లల మొహాలతో సహా, వాళ్ళ కొత్త యాడ్‌లో!

కాబట్టి ఎక్కడికి వెళ్ళినా డబ్బులు కట్టేముందే వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి, మొత్తం ఎంత, చేసింది ఎవరిది, ఫోటోలు వాడతారా అని. ఫోన్‌లో చెప్పిన మాటకి సాక్ష్యం ఉండదు. ఒరిజినల్ ఫోటోలు, ఉత్తరాలు అస్సలు తీసుకెళ్ళకండి, కలర్ జిరాక్స్ తీయించుకోండి, అది కూడా లేజర్ ప్రింట్ అయితే మంచిది, ఇంక్‌జెట్ ప్రింట్ చాలావరకు తడికి కారిపోతుంది.

నిజానికి దీనికి స్టూడియోలు అక్కర్లేదు అండి. బెంగాలీ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ గారు చూపు పోయాక కూడా రంగు కాగితాలు కత్తిరించి కోలాజ్‌లు చేశారు, సామాను తామే ఏరి ఇస్తామని ఈ "క్యూరేటెడ్ కిట్" వాళ్ళు పెద్ద గొప్ప చెప్తారు గానీ. అవెన్యూ రోడ్‌లో పాత పుస్తకాలు మ్యాగజైన్లు, సుల్తాన్‌పేటలో పెళ్ళికార్డుల కాగితాలు దొరుకుతాయి, 300 జీఎస్ఎం అట్ట, గ్లూ స్టిక్ కొనుక్కుంటే ముడతల గొడవ చాలావరకు ఉండదు, అతికించాక రాత్రంతా బరువైన పుస్తకాల కింద పెట్టండి. ఎవరింట్లోనైనా హాల్లో దుప్పటి పరుచుకుని కూర్చోవచ్చు.

మేం కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ ఇచ్చాం, యాడ్ తీసేయమని వాళ్ళకి మెయిల్ కూడా పెట్టాం. ఇంకా ఎవరికైనా ఇలాగే బోర్డుకి ఫ్రేమింగ్ ఛార్జ్ అడిగి ఉంటే బిల్లు దగ్గర పెట్టుకుని నాకు మెసేజ్ చేయండి, అందరం కలిసి అడుగుదాం.