గ్లో ఫోర్ స్ట్రోకా, పెట్రోల్ ఫోర్ స్ట్రోకా? అనంతపురం ఎండకి ఏది మేలు?

అన్నా రిమోట్ విమానానికి ఫోర్ స్ట్రోక్ ఇంజన్ కొంటాండా, గ్లో తీసుకోనా పెట్రోల్ తీసుకోనా అని మేం విమానాలు ఎగరేసే గ్రౌండుకొచ్చే పిల్లోడు రెండు వారాలుగా ప్రాణం తీస్తాండాడు. గ్లో అంటే ఆయిల్ కలిపిన మిథనాల్‌తో, స్పార్క్ బదులు ఎర్రగా కాలే తీగున్న ప్లగ్గుతో నడిచే ఇంజన్. టూ స్ట్రోక్ ఊసు ఇక్కడ ఎత్తను, అది చవక, బరువు తక్కువ, కానీ ఆ కీచు మోతకి పక్క చేన్లో శెనక్కాయ పీకేవాళ్లు పని ఆపి మరీ తిడతారు.

ట్యూనింగ్ వరకు అయితే గ్లోనే మేలప్పా. మిథనాల్ కిలో మండాలంటే ఆరున్నర కిలోల గాలి చాలు, పెట్రోల్‌కి పదిహేను కిలోల దగ్గర కావల్ల, అంటే గ్లో ఇంజన్ రెట్టింపు తాగుతుంది, అందుకే నీడిల్ (ఇంధనం ఎంత పోవల్లో తిప్పి పెట్టే సూది స్క్రూ) రెండు క్లిక్కులు అటూ ఇటూ అయినా ఏం పట్టించుకోదు. పెట్రోల్ కార్బురేటర్‌లో అదే రెండు క్లిక్కులు తిప్పినావంటే ఇంజన్ ముఖం మారిపోతుంది, కొత్తోళ్లకి అక్కడే ఓపిక అయిపోతుంది.

గ్లోలో చేసేది ఇంతే, ఫుల్ థ్రాటిల్‌లో ఆర్పీఎం యాడ పీక్‌కి పోతుందో చూసి మళ్ళీ రిచ్ వైపు, అంటే ఇంధనం ఎక్కువ పోయే వైపు తిప్పి టాకోమీటర్‌లో (ఆర్పీఎం కొలిచేది) 200-300 తగ్గించల్ల, ఇంకొకర్ని విమానం గట్టిగా పట్టుకోమని ముక్కు పైకెత్తి చూడల్ల, అప్పుడు కూడా ఊపిరాడనట్టు తగ్గకుంటే సరే. మన ఎండాకాలంలో ఒక తిరకాసుంది. పొద్దున ఆరున్నరకి పెట్టిన నీడిల్ పదకొండుకి రిచ్ అయిపోతుంది, వేడిగాలి పలచన కాబట్టి. ఒక క్లిక్కు మూస్తే చాలు, నేను ఒకసారి పవర్ కోసం ఆశపడి నాలుగు మూసినాను, ఫట్‌మని ఎదురు తన్ని ప్రొపెల్లర్ నట్టుతో సహా ఎగిరి ముళ్ల చెట్లలో పడింది. ఫోర్ స్ట్రోక్ లీన్ అయితే, అంటే ఇంధనం తక్కువైతే ఇట్లనే తంతుంది, అందుకే రెండో నట్టు ఇచ్చేది, అది తీసి డబ్బాలో దాచిపెట్టుకునేవాళ్లని ఏమనల్లో నాకు తెలీదు.

ఇంగ నమ్మకం సంగతి. గ్లోలో పెట్రోల్ దానికున్నట్టు ఇగ్నిషన్ బాక్సూ బ్యాటరీ సెన్సరూ ఏమీ లేవు, ప్లగ్గుకి ఒకటిన్నర వోల్టు చూపించి స్టార్ట్ చేసినాక తీసేస్తే ప్లాటినం తీగ, మిథనాల్ వాటంతటవే చూసుకుంటాయి. ఆగిపోయిందంటే ముందు ప్లగ్గు మార్చు, ఫోర్ స్ట్రోక్‌కని అమ్మేదే పెట్టు. కానీ తుప్పు దీని శాపం. టూ స్ట్రోక్‌లో ఆయిల్ కలిసిన ఇంధనం క్రాంక్‌కేస్ గుండానే పోతుంది, ఇందులో పిస్టన్ పక్కనుంచి జారిన కాస్తే బేరింగులకి దిక్కు, దాంతోపాటే మిథనాల్ తేమా దిగుతుంది. సాయంత్రం ట్యూబ్ పీకి ట్యాంక్ ఖాళీ చేసి, ఇంజన్‌లో మిగిలింది కూడా మండిపోయేదాకా తిప్పి, బ్రీదర్ నిపుల్‌లో (క్రాంక్‌కేస్‌కుండే చిన్న గొట్టం) ఆయిల్ వేయల్ల, ఇవి చేయకుండా ఇంటికి పోయినావంటే నెల తర్వాత బేరింగు గరగరమంటుంది.

పెట్రోల్‌కి ఈ బాధ తక్కువ. ఇంధనం ఏ బంకులో అయినా దొరుకుతుంది, ఇరవైకి ఒకటి లెక్కన ఆయిల్ కలిపితే సరి. మిథనాల్ కోసం మేం బెంగళూరు దాకా పోతాం, రెండొందల కిలోమీటర్ల పైన. అయితే ఇప్పుడు బంకులో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, ట్యాంకులో వదిలేస్తే నీళ్లు పీల్చుకుంటుంది. సిలికాన్ ట్యూబ్ వేసినావో ఉబ్బిపోతుంది, పెట్రోల్‌కని అమ్మే ట్యూబే వేయల్ల. పైగా మిథనాల్ ఆవిరయ్యేటప్పుడు ఇంజన్‌ని బాగా చల్లబరుస్తుంది, పెట్రోల్‌కి ఆ మేలు తక్కువ, కాబట్టి కౌలింగ్‌లో (ఇంజన్ మీది ముక్కు కవర్) గాలి నేరుగా సిలిండర్ ఫిన్ల మీదికి పోయేలా అడ్డు రేకులు పెట్టకుంటే మే నెలలో రెండో ఫ్లైట్‌కే ఆగిపోతుంది.

వాల్వ్ గ్యాప్ రెండిట్లోనూ చూడల్ల, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే. గ్లోలో ఓఎస్ అనే జపాన్ ఇంజన్ల కంపెనీ వాళ్లు చెప్పేది 0.04 నుంచి 0.1 మిల్లీమీటర్, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకు) చూడల్ల, మావాళ్లలో సగంమంది దాని కవర్ కూడా విప్పలేదు.

ఆ పిల్లోడికి నేను చెప్పింది, రెండు మూడు కిలోల విమానం అయితే గ్లో, పెద్ద విమానమై ఇంజన్ 20 సీసీ దాటితే పెట్రోల్. వాడేమో తొంభై అంగుళాల రెక్కల విమానం బొమ్మ ఫోన్‌లో చూపించినాడు, ఇంగ నేనేం చెప్పల్ల, పెట్రోలే కొనమన్నా, ముందు ఒక సీజన్ నా పాత గ్లోతో నీడిల్ తిప్పడం నేర్చుకోమన్నా.