డిమెన్షియా వస్తే జీన్ టెస్ట్ ఎవరికి చేయించాలి?

మా పెద్దనాన్నకి మతిమరుపు 78వ ఏట మొదలైంది. మా స్నేహితురాలి అక్కకి 49కే వచ్చింది. రెండు ఇళ్ళలోనూ పిల్లలు అడిగింది ఒకటే: "జీన్ టెస్ట్ చేయిస్తే మాకూ వస్తుందో లేదో తెలిసిపోతుంది కదా?" పెద్దనాన్నకి అక్కర్లేదు, అక్కకి మాత్రం తప్పకుండా అడగాలి అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

పెద్దనాన్న లాంటివాళ్ళే ఎక్కువమంది. డిమెన్షియాలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్. 65 దాటాక వచ్చే అల్జీమర్స్‌కి ఒకే ఒక్క జీన్ కారణం కావడం చాలా అరుదు. ల్యాబుల్లో చేసే ఏపీఓఈ అనే జీన్ టెస్ట్‌లో ఈ4 రకం ఉందని వస్తే ముప్పు పెరుగుతుందంతే. అది ఉన్నా జబ్బు రానివాళ్ళున్నారు, లేకపోయినా వచ్చినవాళ్ళున్నారు. కాబట్టి ఆ కాగితం పిల్లలకి టెన్షన్ తప్ప జవాబు ఇవ్వదు. అల్జీమర్స్ కోసం వచ్చిన లెకానెమాబ్ లాంటి కొత్త మందు ఇవ్వాలనుకుంటే మాత్రం సంగతి వేరు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు ఈ4 కాపీలున్నవాళ్ళకి ఆ మందుతో మెదడులో వాపు, రక్తస్రావం ప్రమాదం ఎక్కువ కాబట్టి ముందే చూడాలి.

అక్క సంగతి అలా కాదు. కిరాణా కొట్లో 500 నోటు పట్టుకుని, చేతిలో పడ్డ చిల్లర వంక చూస్తూ ఉండిపోయేది. ఎంత రావాలో లెక్క తేలేది కాదు. మతిమరుపుకి వేరే కారణం ఉందేమోనని ముందు బీ12, థైరాయిడ్ చూశారు, స్కాన్ తీశారు. తర్వాత జెనెటిక్ కౌన్సిలర్ (వంశపారంపర్య జబ్బుల గురించి సలహా ఇచ్చేవారు) తెల్లకాగితం మీద మగవాళ్ళకి చదరాలు, ఆడవాళ్ళకి సున్నాలు గీస్తూ మూడు తరాలు అడిగారు. అసలు విషయమంతా అక్కడే బయటపడింది. మన ఇళ్ళలో ఎవరూ డిమెన్షియా అనరు. "వాళ్ళమ్మకి పిచ్చెక్కింది", "మేనమామకి చాదస్తం" అంటారు. ఏ వయసులో అని అడిగితే ఇద్దరికీ 50 దగ్గరే. అలాంటప్పుడు, మార్పుంటే చిన్న వయసులోనే అల్జీమర్స్ తెచ్చే ప్రెసెనిలిన్‌-1, ప్రెసెనిలిన్‌-2, ఏపీపీ జీన్లు చూడటంలో అర్థముంది. కొలంబియాలోని ఆంటియోకియాలో ఒకే ప్రెసెనిలిన్‌-1 మార్పు తరతరాలుగా వస్తున్న కుటుంబాల్లో లక్షణాలు 40ల మధ్యలోనే కనిపిస్తాయి.

జ్ఞాపకం కంటే ముందు స్వభావమే మారితే, అంటే సిగ్గూ బిడియం పోతే, మెదడు ముందు, పక్క భాగాలు దెబ్బతినే ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా కావచ్చు. అప్పుడు ఇంట్లో ఎవరైనా కండరాలు కరిగిపోయే జబ్బుతో (ఏఎల్ఎస్) పోయారా అని కూడా అడగాలి. సీ9ఓఆర్‌ఎఫ్72 అనే జీన్‌లోని ఒకే మార్పు రెండు జబ్బులకీ కారణం కావచ్చు. ఒకేసారి చాలా జీన్లు చూసే మామూలు జీన్ ప్యానెల్‌లో ఇది దొరక్కపోవచ్చు కాబట్టి విడిగా అడిగి చేయించాలి. అమ్మానాన్నలది మేనరికమైతే, ఇద్దరి నుంచీ ఒకే లోపం చెరో కాపీ బిడ్డకి రావచ్చు కాబట్టి, వాళ్ళిద్దరూ ఆరోగ్యంగా ఉన్నా బిడ్డకి చిన్న వయసులో వచ్చిన డిమెన్షియాని వంశపారంపర్యం కాదని కొట్టిపారేయకూడదు.

జబ్బున్నవాళ్ళకా, పిల్లలకా అంటే ముందు జబ్బున్నవాళ్ళకే. వాళ్ళలో ఏ మార్పుందో తెలియకుండా పిల్లలకి చేస్తే, "ఏమీ లేదు" అని వచ్చినా నమ్మడానికి లేదు. అక్క ఇంట్లోలా తరతరాలుగా వస్తున్న మార్పు దొరికితే మాత్రం ఒక్కో బిడ్డకీ అది వచ్చే అవకాశం 50 శాతం. అందుకే అక్క తన సంతకం తనే ఆలోచించి పెట్టగలిగిన రోజుల్లోనే ఆమెని అడిగారు. సరేనంది.

మార్పు దొరికింది. పెద్దకూతురు తనూ చేయించుకుంటానంది. పెళ్ళి సంబంధాలు చూస్తున్న చిన్నకూతురు ఇప్పుడు తెలుసుకోవాలని లేదంది. కౌన్సిలర్ ఇద్దరి మాటా అలాగే రాసుకున్నారు.