పాత బ్రిటిష్ పేపర్ల ఆన్‌లైన్ ఆర్కైవ్, నెల సబ్‌స్క్రిప్షన్: డికెన్స్ కోసం తీసుకున్నా

ముందే చెప్తున్నా, ఇది అందరికీ పనికొచ్చే సర్వీస్ కాదు, కానీ పాత పేపర్లంటే ప్రాణం పెట్టేవాళ్ళకి నెలరోజులు నిద్ర పట్టదు. డిగ్రీలో మాకు చార్లెస్ డికెన్స్ నవల నాన్‌డిటైల్‌గా ఉండేది, అప్పట్నుంచీ ఒకటే కోరిక, ఆయన బతికున్న రోజుల్లో పేపర్లు ఆయన గురించి ఏం రాసేవో చూడాలని. చిక్కడపల్లిలో మా ఇంట్లో కూర్చుని 1865 నాటి లండన్ పేపర్ తిరగేయొచ్చని తెలిశాక ఇంక ఆగలేదు.

డబ్బు పౌండ్లలో కట్టాలి, మన రూపాయల్లో పదిహేను వందల పైనే పడింది. డెబిట్ కార్డు రెండుసార్లు ఫెయిలైంది, బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్లు ఆన్ చేస్తేగానీ వెళ్ళలేదు. ఆటో రెన్యువల్ వాళ్ళే ఆన్‌లో పెట్టేస్తారు, కావాలంటే మొదటిరోజే తీసేయండి.

స్కాన్లు బాగున్నాయి, జూమ్ చేస్తే కాగితం మడత కూడా కనిపిస్తుంది. సెర్చ్ దగ్గరే ఏడిపించింది. ఆ అచ్చు చీమ తలకాయంత, సిరా పాకేసి ఉంటుంది, కాలమ్‌కీ కాలమ్‌కీ మధ్య సన్నగీత తప్ప ఏమీ ఉండదు. కంప్యూటర్ చదివి పెట్టిన టెక్స్ట్‌లో డికెన్స్ పికెన్స్ అయిపోయాడు, ఒకచోట ఆయన పేరు సగం వెళ్ళి పక్క కాలమ్‌లో మందుల ప్రకటనలో కలిసిపోయింది. పేరు కొట్టి వెతికితే చాలా వరకు తప్పిపోతాయి. తేదీ, ఊరి పేరు ఇచ్చి వెతకండి, నాకు అలాగే దొరికాయి.

అలా దొరికిందే స్టేపుల్‌హర్స్ట్ రైలు ప్రమాదం. 1865 జూన్ 9, ఇంగ్లండ్‌లోని కెంట్ జిల్లాలో చిన్న వంతెన మీద రిపేరు కోసం పట్టాలు తీసి ఉన్నాయి, రైలు వచ్చే టైము ఫోర్‌మన్ తప్పు చూసుకున్నాడు, పదిమంది చనిపోయారు. డికెన్స్ ఉన్న ఫస్ట్ క్లాస్ పెట్టె కిందికి వేలాడుతూ ఆగిపోయింది. ఆయన బయటికొచ్చి టోపీలో నీళ్ళు పట్టి తెచ్చి గాయపడ్డవాళ్ళకి తాగించాడు. ఇక పేపర్ పేపర్‌కీ వెళ్ళి చూస్తుంటే అవే పేరాలు, అవే కామాలు! నాన్న ముప్పై ఏళ్ళు ఒక తెలుగు డైలీ డెస్క్‌లో చేసి రిటైరయ్యారు, పక్కన కూర్చుని చూసి "ఇది రాసింది కాదమ్మా, కత్తిరించి అతికించింది" అన్నారు. నిజమే, లండన్ పేపర్ ఊరికి చేరగానే అక్కడి ఎడిటర్లు కత్తెర పట్టుకునేవాళ్ళు. ఒక్కో పేపర్ కాపీ మీద వేసే స్టాంపు పన్ను 1836లో నాలుగు పెన్నీల నుంచి ఒక పెన్నీకి తగ్గింది, 1855లో పూర్తిగా పోయింది, దాంతో పెన్నీకి ఒక పేపర్ అమ్మే రోజులొచ్చాయి, అన్ని పేజీలు నింపాలంటే మరి ఎక్కణ్ణుంచి తేవాలి.

నన్ను పట్టుకున్నది మాత్రం అక్కడ లేనిది. ఆ పెట్టెలో డికెన్స్‌తో పాటు ఎల్లెన్ టెర్నన్ అనే యువ నటి, వాళ్ళమ్మ ఉన్నారు. డికెన్స్ పేరు అంతటా ఉంది, నేను చదివిన రిపోర్టుల్లో ఎక్కడా ఆ అమ్మాయి పేరు లేదు. ఆ చావుల మీద జరిగిన విచారణకి (ఇన్‌క్వెస్ట్) ఆయన వెళ్ళి సాక్ష్యం కూడా చెప్పలేదు. వాళ్ళిద్దరి ప్రేమకథ ఒక లండన్ డైలీలో పెద్దగా పడింది 1934లో, ఆయన పోయిన 64 ఏళ్ళకి.

అదే 1858కి వెళ్ళండి, తేడా తెలుస్తుంది. భార్య కేథరిన్‌తో విడిపోయాడు, 22 ఏళ్ళ కాపురం, పదిమంది పిల్లల్ని కన్న తల్లి. పుకార్లు లేచాయని తనే స్టేట్‌మెంట్ రాసి జూన్ 7న టైమ్స్‌లో వేయించాడు, తర్వాత సొంత వీక్లీలో వేసుకున్నాడు, పంచ్ అనే హాస్య పత్రికలో వేయలేదని దాని పబ్లిషర్లతో తెగదెంపులే చేసుకున్నాడు. అది ఊరూరి పేపర్లకీ పాకింది, గొడవ సంగతే తెలియనివాళ్ళకి ఆయనే చెప్పినట్టయింది. షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని మార్నింగ్ క్రానికల్‌లో రిపోర్టర్‌గా చేసిన మనిషి, 1846లో డైలీ న్యూస్‌కి మొదటి ఎడిటర్‌గా 17 సంచికలు నడిపిన మనిషి, పేపర్ ఎలా పనిచేస్తుందో ఆయనకి తెలియనిదా. రెండు రాత్రులు వెతికా, కేథరిన్ తన వైపు నుంచి చెప్పిన మాట ఒక్క లైను దొరకలేదు. నాకు చాలా కోపం వచ్చింది, ఆయనంటే ఇష్టం ఉండబట్టే వచ్చింది.

ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివినవే, కానీ ఆ రోజు పేజీ మీద, చుట్టూ గొర్రెల ధరలూ ఓడల టైములూ ఉండగా చూస్తే వేరే సంగతి. డౌన్‌లోడ్ చేసి కోఠిలో జిరాక్స్ షాపులో ఏ3లో ప్రింట్ తీయించా, అచ్చు బాగానే పడింది. మన గోలకొండ పత్రిక 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు మొదలుపెట్టింది, ఆ పాత సంచికలన్నిట్లో కూడా ఇలా ఒక పేరు కొట్టి వెతుక్కోవాలని ఎంత ఉందో.

5కి 4 ఇస్తా, పోయిన ఒకటీ సెర్చ్ వల్లే. ఏడాది ప్లాన్ వద్దు, ఏం వెతకాలో తేదీలు ముందే రాసి పెట్టుకుని ఒక నెల తీసుకోండి. నేను మాత్రం ఇంకో నెలకి కట్టా, 1870 జూన్ మిగిలిపోయింది. 9న డికెన్స్ చనిపోయాడు, 13న టైమ్స్ ఆయన్ని గొప్పవాళ్ళని ఖననం చేసే లండన్ చర్చి వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలోనే పెట్టాలని రాసింది, 14 పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా అక్కడే ఖననం చేసేశారు. ఆ మర్నాటి పేజీలు నిన్న రాత్రి నాన్నకి తెరిచిచ్చా. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, స్క్రీన్‌కి ముఖం ఆనించి, పన్నెండైనా లేవలేదు.